నాలుగు థౌలు

బోటు చూడగానే నాన్న అడిగిన మొదటి ప్రశ్న: "తెరచాప ఉండగా ఇంజనెందుకమ్మా?"

గాలి పడిపోతే ఒడ్డుకెలా వస్తాం అన్నాను. తలూపాడు. ఇంజన్ చచ్చిపోయి రెండు నెలలైందని చెప్పాక మాత్రం ముఖంలో వెలుగొచ్చింది. అమెరికా వచ్చిన మూడు వారాల్లో అదే మొదటిసారి.

నాన్న విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్ళు లారీ ఇంజన్లు విప్పిన మనిషి. ఆ షెడ్డులోకి నన్ను రానిచ్చేవాడు కాదు. క్యారేజీ ఇచ్చి గేటు దగ్గర్నుంచే వెనక్కెళ్ళాలి. పానాలు అందించే ఉద్యోగం తమ్ముడిది. వాడిప్పుడు బ్యాంకులో ఉన్నాడు. నేను శాన్‌ఫ్రాన్సిస్కో బేలో, ఇద్దరు కొలీగ్స్‌తో కలిసి కొన్న 1974 నాటి 30 అడుగుల బోటులో.

అందులో ఉన్నది అటామిక్ ఫోర్. 1947 నుంచి 1984 దాకా నలభై వేలకు పైగా తయారైన పెట్రోలు ఇంజన్. "పేరు బాంబులా ఉందే" అని నవ్వి, మూత తీసి, "ఇది సైడ్ వాల్వు! పాత విల్లీస్ జీపుల్లో ఇలాంటిదే" అన్నాడు. చిన్నప్పటి స్నేహితుడు కనబడ్డట్టు. జీపుకి రేడియేటరు ఉంటుంది. దీనికి సముద్రపు నీరే నేరుగా బ్లాకులో తిరుగుతుంది. అన్నేళ్ళ ఉప్పుకి లోపలంతా తుప్పు.

కపలింగ్ బోల్టులు విప్పి, గొట్టాలూ వైర్లూ పీకడానికి ఒక రోజు పట్టింది. తెరచాప కింద ఉండే అడ్డకర్ర, అదే బూమ్, దానికి కింద నుంచి ఒక దుంగ ఊతమిచ్చి, చైన్ కప్పీ తగిలించాం. ఇంజన్ బరువు నూట నలభై కిలోల దాకా ఉంటుంది. మెట్ల దారిలోంచి సగం పైకి వచ్చాక దూరంగా ఒక ఫెర్రీ పోయింది. ఆ అల మా దాకా వచ్చేసరికి బోటు ఊగింది, గాల్లో ఇంజన్ ఊగింది, నాన్న దాన్ని రెండు చేతులా కావలించుకుని అరిచాడు: "నేల నిలబడట్లేదేంటే!"

ఆటోనగర్‌లో నేల కదలదు. ఆయన భయపడటం నేనెప్పుడూ చూడలేదు.

ఇంజన్ బాగయ్యేలోపు బోటుని గట్టెక్కించి అడుగు భాగానికి రంగు వేయించాం. గట్టు మీద ఉండగానే ఇంజన్ దింపి బిగించాం. ఆ తర్వాత అలైన్‌మెంట్. ఇంజన్ కపలింగూ, షాఫ్ట్ కపలింగూ ముఖానికి ముఖం సరిగ్గా ఆనాలి. అంగుళం వ్యాసానికి ఒక థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతు, అంతకన్నా తేడా ఉండకూడదు. మాది నాలుగంగుళాల కపలింగ్, కాబట్టి నాలుగు థౌలు. తేడా ఎక్కువైతే బోటంతా వణుకుతుంది, షాఫ్ట్ బుష్ అరిగిపోతుంది. ఫీలర్ గేజ్‌తో నాన్న రెండు గంటలు కూర్చుని మూడుకి తెచ్చాడు.

"నీళ్ళల్లోకి దింపాక మళ్ళీ చూడాలి నాన్నా. గట్టు మీద బోటు ఆకారం వేరేలా ఉంటుంది."

"నాకు చెప్తున్నావా?"

ఆ సాయంత్రం మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. అన్నం తినేటప్పుడు టీవీ శబ్దం పెంచాడు. నిజం చెప్పాలంటే, నా మాట తప్పైతే బాగుండని కూడా ఒక క్షణం అనిపించింది.

బోటు దింపి, ఒక రోజు ఆగి వెళ్ళాం. కపలింగ్ బోల్టులు తీసి ఆయనే గేజ్ పెట్టాడు. పైన, కింద, కుడి, ఎడమ. మళ్ళీ పెట్టాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ.

పదకొండు.

ఏమీ అనలేదు. గేజ్ నా చేతిలో పెట్టి, తను పానా తీసుకుని ఇంజన్ కాళ్ళ దగ్గర ఒరిగి పడుకున్నాడు. "చెప్పు."

"ముందు ఎడమది పావు తిప్పు దించు. కాదు, ఇంకొంచెం తక్కువ."

అలా చీకటి పడేదాకా. మూడున్నరకి వచ్చింది.

రాత్రి వరండాలోంచి ఆయన గొంతు వినిపించింది. ఆటోనగర్‌లో పాత పార్ట్‌నర్‌తో ఫోన్లో: "గట్టు మీద సెట్ చేస్తే లాభం లేదురా. బోటు నీళ్ళల్లో ఉన్నప్పుడే చూడాలి. ఈ సంగతి చాలామందికి తెలీదు."

నేను సింకు దగ్గర గోళ్ళల్లో గ్రీజు తోముకుంటూ విన్నాను.