బ్యూనస్ ఐరిస్‌లో అమ్మ

మా తమ్ముడు వుద్యోగరీత్యా దక్షిణ అమెరికాలో, అర్జెంటీనా దేశపు రాజధాని బ్యూనస్ ఐరిస్‌లో కాపురమున్నాడు. మనుమణ్ణి చూడాలని అమ్మ పట్టుబట్టగా, ఆమెనూ మా ఇంటావిడనూ వెంటబెట్టుకొని కిందటి ఆషాఢంలో హోసూరునుంచి బయలుదేరాను. ఇక్కడ జల్లులు పడుతుంటే అక్కడ నడి చలికాలం. గడియారం మనకంటె ఎనిమిదిన్నర గంటలు వెనుక. రాత్రి భోజనం తొమ్మిది దాటనిదే ఎవ్వరూ చేయరు. అమ్మ మాత్రం ఏడింటికే తిని పడుకొన్నది.

ఆరేండ్ల మనుమడు ఆమెను చూడగానే స్పానిష్‌లో "అబువేలా" అన్నాడు. "అవ్వా అనేదానికి ఇంత పొడుగెందుకురా?" అని నవ్వింది గాని, రాత్రి నాతో, "వాని మాట నాకు, నా మాట వానికి తెలీకుంటే ఇంత దూరం వచ్చి ఏం లాభం?" అన్నది. అరవదేశంలో తరాలుగా తెలుగు నిలుపుకొన్న ఇల్లు మాది. నేనేమీ చెప్పలేకపోయాను.

మరునాడు 'జూలై 9' అనే రాజవీధి చూడబోయాము. వెడల్పు దాదాపు 140 మీటర్లు! ఒక్క పచ్చదీపానికి దాటలేక నేనూ అమ్మా నడిమధ్యనే నిలబడిపోయాము. అక్కడి 67 మీటర్ల పైచిలుకు స్తంభాన్ని 1936లో ఒక్క నెలలో కట్టారట. మా ఆఫీసులో ఒక కాగితం బల్ల దిగడానికే నెల చాలదు.

గురువారం భూగర్భ రైలెక్కాము. 1913లో మొదలైన దారి అది, దక్షిణ అమెరికాలో అన్నిటికంటె పాతది. 'మే' చౌకులో దిగి పైకి వచ్చేసరికి మూడున్నర గంటలు. తలకు తెల్లగుడ్డలు కట్టుకొన్న కొందరు పండు ముదుసళ్ళు, వారి వెనుక మరి కొంత జనం, నడుమనున్న కట్టడం చుట్టూ మెల్లగా తిరుగుతున్నారు.

1976 నుంచి 1983 వరకు అక్కడ సైనిక ప్రభుత్వం వుండేది. పట్టుకుపోగా తిరిగిరానివారు 30,000 మంది అని హక్కుల సంఘాలంటాయి. 1977 ఏప్రిల్‌లో 14 మంది ఆడవాళ్ళు, మా బిడ్డలేరని అడగడానికి ఆ చౌకుకు వచ్చారు. గుంపుగా నిలబడరాదని పోలీసులనగా నడవసాగారు. తలగుడ్డలు మొదట చంటిబిడ్డల గోచిగుడ్డలేనట.

ఇదంతా తమ్ముడు నాకు చెబుతున్నాడు. ఇంతలో అమ్మ పిల్లవాణ్ణి అడిగింది: "ఈ ముసలమ్మలు దేనికిరా తిరుగుతా వుండారు? ప్రదక్షిణమా?"

వాడు మాటలు వెతుక్కొన్నాడు. "అవ్వా, వాళ్ళ పిల్లలు ఇంటికి రాలే. ఏడ అని అడుగుతా వుండారు."

అమ్మ కొంగు తలమీదికి లాక్కొని, వాడి చెయ్యి పట్టుకొని, ఆ వరుస చివర చేరింది. ఒక చుట్టు పూర్తిగా నడిచింది. మేమిద్దరం గట్టునే వుండిపోయాము.

తిరుగు రైలులో వాడు ఆమె కొంగు పట్టుకొని, "ఇదేమి?" అన్నాడు.

"కొంగు."

"కొంగు," అని, తలగుడ్డను 'పాన్యూయెలో' అంటారని ఆమెకు నేర్పబోయాడు. మేము దిగే స్టేషను వచ్చినా అమ్మకు నోరు తిరగనేలేదు.