అత్త కొలతల పుస్తకం

సత్తెనపల్లిలో మా వీధి ఆడవాళ్ళ కొలతలన్నీ మా మేనత్త దగ్గర ఉండేవి. రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్కు, మనిషికో పేజీ. పొడవు, భుజం, ఛాతీ, నడుము, చేతి లూజు, మెడ దింపు. పెళ్ళికి ముందు కుట్టించుకున్న పిల్ల కాన్పయ్యాక వస్తే పాత అంకె మీద గీత కొట్టి పక్కన కొత్తది రాసేది. ఎవరికి నెల తప్పిందో, ఎవరు దిగులుతో చిక్కిపోతున్నారో వాళ్ళ ఇంట్లోవాళ్ళ కంటే ముందు అత్తకు తెలిసేది. ఒక్కరి సంగతీ ఆ గది దాటి పోనిచ్చేది కాదు.

2010 దసరా సెలవులు. నేను గుంటూరులో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఒక మధ్యాహ్నం తలుపు దగ్గరగా వేసి, టేపు నా చేతికిచ్చి, "నా కొలత తియ్యవే అమ్మాయ్" అంది. తన జాకెట్టు తాను ఆది జాకెట్టు పెట్టి కత్తిరించుకునే మనిషి. ఎందుకో అర్థంకాలేదు. భుజం నుంచి కిందికి రెండు వైపులా తియ్యమంది. కుడి వైపు ముప్పావు అంగుళం తక్కువ వచ్చింది. మళ్ళీ తియ్యమంది. మళ్ళీ అంతే. అప్పుడు నా వేళ్ళు పట్టుకుని అక్కడ పెట్టింది. ఉసిరికాయంత గడ్డ. నొక్కినా కదల్లేదు. దాని పైన చర్మం లోపలికి గుంట పడింది.

"నొప్పేమీ లేదులే. సంక్రాంతి జాకెట్లు అయిపోనీ, చూపించుకుంటా. మీ నాన్నకి చెప్పమాకే."

నొప్పి లేకపోవడమే మమ్మల్ని ముంచింది. నొప్పి లేనిదాన్ని జబ్బు అనుకోవడం మాకు రాదు. ఆ గడ్డకు మొదట్లో నొప్పి ఉండకపోవడమే మామూలు అని తర్వాత ఆస్పత్రి వరండాలో కూర్చున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరూ చెబుతుంటే విన్నాను. అందరిదీ అదే మాట: నొప్పి లేదు కదా అని ఊరుకున్నాం.

నేను చెప్పలేదు. దాదాపు మూడు నెలలు చెప్పలేదు. అత్త మాట దాటకూడదనే కాదు. ఏ మాటతో చెప్పాలో నాకు తెలియలేదు. మా ఇంట్లో శరీరంలో ఆ భాగానికి పేరు లేదు. "నాన్నా, అత్తకి..." అని మనసులో మొదలుపెట్టి అక్కడే ఆగిపోయేదాన్ని. రొమ్ము అనే మాట నాన్న ముందు పలకాల్సి వస్తుందని ఇరవై ఏళ్ళ పిల్లను సిగ్గుపడ్డాను. ఆ సిగ్గుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

భోగి పొద్దున అమ్మ అత్తకు తలంటుతూ చూసింది. "వదినా, ఇదేంది?" అన్న అమ్మ గొంతు పెరట్లోంచి వీధిదాకా వినిపించింది. అప్పటికే చంకలోనూ చిన్న గడ్డ తేలింది. మధ్యలో అత్త ఒక ఆర్.ఎం.పి. డాక్టరు దగ్గరికి ఒంటరిగా వెళ్ళొచ్చిందని, పాలగడ్డ అని పూత మందు ఇచ్చారని ఆ రోజే తెలిసింది. పాలిచ్చి పదమూడేళ్ళయిన మనిషికి పాలగడ్డ ఎట్లా అవుతుందని అమ్మ ఏడుస్తూనే అడిగింది.

గుంటూరులో సూది పరీక్ష చేశారు. సూది గుచ్చితే పాకుతుందని వీధిలో చెప్పనివాళ్ళు లేరు. మామయ్యను ఒప్పించడానికి నాన్నకు రెండు రోజులు పట్టింది. తెల్ల రేషన్ కార్డు ఉంది కాబట్టి ఆరోగ్యశ్రీలో అవుతుందన్నారు. తెల్లవారుజామున పల్నాడు ఎక్స్‌ప్రెస్ ఎక్కి, సికింద్రాబాదులో దిగి, రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రికి. ఆ తర్వాత రెండేళ్ళూ మా బతుకు ఆ రైలు వేళలకు కట్టుబడిపోయింది. పిడుగురాళ్ళ సున్నం బట్టీల దగ్గరికి వచ్చేసరికి తెల్లారేది. అత్త కిటికీ పక్కన కూర్చుని ఒళ్ళో హుక్కులు కుట్టుకుంటూ ఉండేది.

అక్కడ చేసిన పరీక్షల రిపోర్టు నేనే చదివాను. ఇంగ్లీషు వచ్చింది నాకొక్కదానికే. ఈ.ఆర్. నెగటివ్, పి.ఆర్. నెగటివ్, హెర్ టూ నెగటివ్. "మూడూ నెగటివే అత్తా!" అన్నాను. మామయ్య చేతులు పైకెత్తి దణ్ణం పెట్టాడు. అత్త నా బుగ్గలు పుణికింది. డాక్టరమ్మ కాగితం చూసి, మా ముఖాలు చూసి, కుర్చీ లాక్కుని కూర్చుంది. మూడూ నెగటివ్ అంటే జబ్బు లేదని కాదమ్మా, ఆ మూడు దారుల్లో వేసే మందులు దీనికి పనిచేయవని అర్థం అంది. ఏళ్ళ తరబడి వేసుకునే హార్మోను మాత్ర లేదు, ఖరీదైన ఇంజెక్షనూ లేదు. ఆపరేషను, కీమో, కరెంటు (రేడియేషన్), అంతే. సంతోషంగా ఆ వార్త చెప్పింది నేను. అత్త మాత్రం నా చెయ్యి వదల్లేదు. "నీకేం తెలుసే తల్లీ, ఉన్నది చదివావు" అంది.

కుడివైపు తీసేశారు. చంకలో గడ్డలూ తీశారు. ఆ చేతికి ఇక జీవితాంతం సూది పోటు తగలకుండా చూసుకోవాలని, చిన్న గాయమైనా చెయ్యి వాచే ప్రమాదముందని నర్సు చెబుతుంటే అత్త తల వంచుకుని విన్నది. "నా పనే సూది కదమ్మా" అంది మెల్లగా. ఇంటికొచ్చాక వేలికి ఇత్తడి తొడుగు పెట్టుకుని కుట్టడం అలవాటు చేసుకుంది. పొద్దునా సాయంత్రం గోడ మీద వేళ్ళు పాకిస్తూ చెయ్యి పైకి లేపేది. ఎంత ఎత్తు అందిందో సుద్దముక్కతో గీత పెట్టి, పక్కన తేదీ వేసేది. ఆ గోడకు మామయ్య ఇప్పటికీ సున్నం వేయనివ్వడు.

కీమోలో మొదట ఎర్ర మందు, 21 రోజులకొకటి చొప్పున నాలుగు. రెండో దానికి వెళ్ళేలోపే జుట్టు దువ్వెనలో కుచ్చులుగా వచ్చేసింది. తర్వాత వేరే మందు మొదలుపెట్టారు. దాంతో వేళ్ళ కొసలు మొద్దుబారాయి. సూదిలోకి దారం ఎక్కించడానికి గంటసేపు కుస్తీ పట్టడం చూశాను. అప్పటినుంచి కాలేజీకి వెళ్ళేముందు పది సూదులకు దారాలెక్కించి దిండుకు గుచ్చి పెట్టి వెళ్ళేదాన్ని. సాయంత్రానికి కొన్నిటికి దారం అయిపోయి ఉండేది, కొన్ని అట్లాగే ఉండేవి. వాటిని లెక్కపెడితే ఆ రోజు ఒంట్లో ఎట్లా ఉందో తెలిసిపోయేది.

జాకెట్టు ఒకవైపు పైకి జారుతోందని, భుజం వంగిపోతోందని తనకు తానే ఒక మెత్త కుట్టుకుంది. ఉత్త దూదితో బరువు సరిపోలేదు. బరువు ఉంటేనే నడుము తిన్నగా నిలుస్తుందని, మధ్యలో ఆవాలు పోసింది. వానాకాలం ఆస్పత్రి నుంచి తడిసి వచ్చిన రోజు ఆ మెత్త అట్లాగే పక్కన పెట్టేసింది. నాలుగో రోజుకు అందులోంచి తెల్లటి మొలకలు పొడుచుకొచ్చాయి. వాటిని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. ఆ తర్వాత ఆవాలు మానేసి చీర కుచ్చులకు కట్టే గాజుపూసలు పోసింది. ఉతికి ఆరేసుకోవచ్చు.

తనతో పాటు కీమోకు వచ్చేవాళ్ళు చూసి అడిగారు. అత్త టేపు సంచిలో వేసుకుని వెళ్ళడం మొదలుపెట్టింది. మంచం చుట్టూ దుప్పటి పట్టుకుని నేను నిలబడితే లోపల కొలతలు తీసేది. మిర్యాలగూడ ఆమె, నాగర్‌కర్నూలు ఆమె, కర్నూలు నుంచి వచ్చిన టీచరమ్మ. ఎవరికీ ఊరి పేరే తప్ప మనిషి పేరు రాయలేదు. "ఈ సంగతి వాళ్ళు చెప్పుకుంటే చెప్పుకుంటారు, మనం రాయకూడదు" అనేది. ఆ దుప్పటి వెనక వాళ్ళు ఆ మాటను పేరు పెట్టి మాట్లాడుకోవడం విన్నాను. రొమ్ము, కుట్లు, నీరు, మొగుడు చూడకుండా ముఖం తిప్పుకోవడం. మా వీధిలో ఇరవై ఏళ్ళలో వినని మాటలు అక్కడ విన్నాను. ఒక్కపైసా తీసుకునేది కాదు అత్త.

2012 దీపావళి పోయాక పొడి దగ్గు పట్టుకుంది. టపాకాయల పొగ అనుకున్నాం. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది. తీశారు, మళ్ళీ చేరింది. ఇక కీమో వద్దని డాక్టరమ్మ చెప్పినప్పుడు నాన్న గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. అదే ఆస్పత్రిలో నొప్పి తగ్గించే విభాగంవాళ్ళు మార్ఫిన్ మాత్రలు ఇచ్చి, నొప్పి వచ్చేదాకా ఆగొద్దు, నాలుగు గంటలకోసారి తప్పకుండా వెయ్యండి అన్నారు. అమ్మ ఫోనులో అలారం పెట్టుకునేది. ఆ మాత్రల వల్లే చివరి నెలలో అత్త పక్క మీద కాళ్ళు చాపుకుని పడుకోగలిగింది, కొడుకు పదో తరగతి పాఠం అప్పజెబితే వినగలిగింది.

2013 మాఘమాసంలో, పెళ్ళి జాకెట్లు కుప్పగా ఉన్న రోజుల్లో పోయింది. నలభై మూడేళ్ళు. ఆ తెల్లవారుజామున నేను పక్కనే ఉన్నాను. ఆ గంట గురించి రాయలేను.

పెద్దకర్మ అయ్యాక ఒక్కొక్కరే వచ్చి తమ గుడ్డలు, ఆది జాకెట్లు తీసుకెళ్ళారు. కొలతల పుస్తకం నా దగ్గర ఉంచుకున్నాను. చివరి పేజీలో అత్త కొలతలున్నాయి. దసరాకు 36. ఆపరేషన్ తర్వాత 33. ఆ కింద, వణికిన చేత్తో, 29. దానికి ముందు పేజీలో "దేవరకొండ, 32, ఎడమ" అని ఉంది, కుట్టినట్టు టిక్కు లేదు. మిషన్ సొరుగులో కత్తిరించిన గుడ్డ, కాగితంలో పొట్లం కట్టిన పూసలు దొరికాయి.

నాకు కుట్టు అంత బాగా రాదు. రెండుసార్లు విప్పి మళ్ళీ కుట్టాను. తర్వాతి వారం పల్నాడు ఎక్కి వెళ్ళి, వార్డులో దేవరకొండ ఆమెను వెతుక్కున్నాను. ఆమె గోడ వైపు తిరిగి మెత్త సర్దుకుని, హుక్కులు పెట్టుకుని, పైట వేసుకుని నా వైపు తిరిగింది. రెండు భుజాలూ చేతులతో తడిమి చూసుకుంది.

"సరిగ్గా కుదిరిందమ్మా" అంది. "మీ అత్త ఈసారి రాలేదేం?"