ల్యాబ్ రికార్డులో లేని లెక్క

మా పెద్దది బి.కాం. కంప్యూటర్ అప్లికేషన్స్ చదువుతోంది. పొద్దున ఏడింటి బస్సుకు నెల్లూరు పోతే మళ్లీ సాయంత్రం ఆరింటికే ఇల్లు చేరేది. మాది మైపాడు దారిలో, సముద్రానికి కాస్త ఇవతల ఊరు. ఎటు చూసినా రొయ్యల గుంటలే. మాకూ రెండున్నాయి, ఒక్కోటి రెండెకరాలు.

కాలేజీలో దానికి ఎమ్మెస్ ఆఫీసు ఒక పేపరు. వర్డ్, పవర్‌పాయింట్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, అవి పిల్లలు ఆడుతూ పాడుతూ నేర్చేసుకుంటారు. ఎక్సెల్ దగ్గరే కథంతా. ల్యాబ్‌లో ఇద్దరికి ఒక సిస్టం. రికార్డు మాత్రం చేత్తో రాయాలి. ఏ మెనూ తెరవాలి, ఏ బటన్ నొక్కాలి అన్నీ వరసగా రాసి, స్క్రీను బొమ్మ స్కేలు పెట్టి గీయాలి. కంప్యూటర్ నేర్చుకోడానికి పెన్సిలూ స్కేలూ ఎందుకో నాకైతే అర్థం కాలేదు. అది గీస్తా ఉంటే పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ నేనూ చూసేదాన్ని.

ఒకరోజు రికార్డులో జీతాల పట్టీ గీస్తోంది. బేసిక్ ఇంత, డి.ఏ. ఇంత, హెచ్.ఆర్.ఏ. ఇంత, పి.ఎఫ్. పోగా చేతికొచ్చేది ఇంత. "డి.ఏ. అంటే ఏందో తెలుసా?" అన్నాను. "డియర్‌నెస్ అలవెన్సు" అంది. "అంటే?" అన్నాను. నవ్వేసింది. దాని తప్పు కాదు. మా వీధిలో జీతపు చీటీ చూసినవాళ్లు ఇద్దరుంటే ఎక్కువ. పుస్తకంలో బిజినెస్ అంటే ఆఫీసూ, ఉద్యోగులూ, జీతాలూ. మా ఇంట్లో బిజినెస్ అంటే మేత, పిల్ల, డీజిల్, కరెంటు బిల్లు, గుంట కాడ కూలీ. ఆ లెక్కలు మా ఆయన జేబులో ఉండే చిన్న పుస్తకంలో సగం, నా తలకాయలో సగం.

లెక్కలు నాకు కొత్త కాదు. పొదుపు సంఘం రిజిస్టర్లు ఎనిమిదేళ్లుగా నేనే రాస్తున్నా. మా అత్త చదువుకోలేదు, తొంభైల మొదట్లో మన జిల్లాలో రాత్రి బడులు పెట్టినప్పుడు సంతకం నేర్చుకుంది. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారంటే ఆ బడుల్లోంచే కదా. 1993 అక్టోబరు 1 నుంచి సారా ఆగింది. ఆ ఊపులోనే రోజుకో రూపాయి పొదుపు మొదలైంది. మా అత్త ఆ రూపాయిల సంగతి ఇప్పటికీ చెప్తుంది. కాబట్టి చిట్టా పద్దులంటే మా ఇంట్లో ఆడవాళ్లకి భయం లేదు. స్క్రీను మీద రాయడమే కొత్త.

"ఆ జీతాలు వదిలెయ్, మన గుంటల లెక్క ఎక్కించు చూద్దాం" అన్నాను. ఇంట్లో ల్యాప్‌టాప్ లేదు. ఫోన్లో షీటు తెరిచింది. నేను చెప్తుంటే అది కొట్టింది. నాలుగు రాత్రులు పట్టింది.

మొదట బయటపడింది మేత లెక్క. తూర్పు గుంటలో 4 టన్నుల రొయ్యకి 5.2 టన్నుల మేత వేశాం. అంటే కిలోకి 1.3. పడమటి గుంటలో 3.4 టన్నులకి 5.8 టన్నులు, కిలోకి 1.7. అదే పిల్ల, అదే మేత. పడమటి గుంటలో చెక్ ట్రేలు సరిగా చూడకుండా మేత చల్లేస్తున్నారని నేను ఎప్పట్నుంచో అంటానే ఉన్నా. నోటితో చెప్తే సణుగుడు. గడిలో ఉంటే లెక్క.

రెండోది ఇంకా పెద్దది. మేత డీలరు దగ్గర అప్పు మీద తెస్తాం, పంట పట్టాక కడతాం. వడ్డీ లేదంటారు. ఉండదు మరి, ధరలోనే ఉంటుంది. 25 కిలోల బస్తా రొక్కానికి 2,250, అప్పుకి 2,400. తేడా 150. బస్తాకి నూట యాభయ్యే కదా అనిపిస్తుంది. రెండు గుంటలకి 440 బస్తాలు. కింద గడిలో 66,000 అని పడింది. సగటున రెండు నెలల అప్పుకి అది నూటికి మూడు రూపాయల పైన వడ్డీ. మేం తీసుకున్న బంగారం లోను నూటికి ముప్పావలా.

ఇక్కడ మా అమ్మాయి దగ్గర నేను నేర్చుకున్న సంగతి ఒకటి చెప్పాలి. సూత్రాన్ని కిందికి లాగితే గడుల పేర్లు కూడా కిందికి జరిగిపోతాయి. ధర ఉన్న గడి జరగకూడదంటే దాని పేరుకి డాలర్ గుర్తు తగిలించాలి. ఎఫ్4 నొక్కితే అదే వస్తుందట, ఫోన్లో మాత్రం చేత్తోనే కొట్టుకోవాలి. ఎటూ కదలకుండా పట్టుకునేది డాలరు! రొయ్యల రైతు ఇంట్లో ఇది వింటే నవ్వు రాదా చెప్పండి. మన ధరని రోజుకో చోటికి జరిపేదే అది.

ధర మారితే ఏమవుతుందో చూసుకోడానికే ఈ షీటు పుట్టింది. 1978లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో చదువుతున్న డాన్ బ్రిక్లిన్‌కి ఆ ఆలోచన వచ్చిందట. పాఠం చెప్పే ఆయన నల్లబల్ల మీద గడులు గీసి లెక్కలు వేస్తున్నప్పుడు, ఒక్క అంకె మారితే దాని మీద ఆధారపడ్డవన్నీ చెరిపి మళ్లీ రాయాల్సి వచ్చేది. బాబ్ ఫ్రాంక్‌స్టన్ అనే స్నేహితుడితో కలిసి 1979లో విసికాల్క్ తెచ్చాడు. ఎక్సెల్ వచ్చింది 1985లో, అదీ ముందు మాకింటోష్ మీద. ఇప్పుడు ఒక్కో షీటులో 10,48,576 వరసలు. మా గుంటలకి అరవై చాలు.

కూలి గడి నింపేటప్పుడు అది ఆగి, "మా, గుంట కాడోళ్లకి మూడు పూటలా వండేది నువ్వే కదా, నీకు రోజుకెంత?" అంది. "మూడొందలు వెయ్" అన్నాను. మా ఆయన పక్క నుంచి "ఇంట్లో వంటకి కూలేందిమే" అని నవ్వాడు. పంటకి నూట ఇరవై రోజులు, 36,000. ఖర్చుల్లో చేరింది. ఎవరూ తీసెయ్యలేదు.

ఆ తర్వాత బంగారం మాట. ఈ పంటకి ఒక గుంట మేత రొక్కానికి తెద్దామని నేనే అన్నాను. 200 బస్తాలు, నాలుగున్నర లక్షలు. నా గాజులూ హారమూ బ్యాంకులో పెడితే, నాలుగు నెలలు పూర్తిగా ఉంచినా వడ్డీ 13,500. డీలరు దగ్గరయితే 30,000. అత్త ఒప్పుకోలేదు. "బంగారం బీరువాలో ఉంటే ధైర్యమే" అంది. ఆమె మాట కొట్టిపారేసేది కాదు, జబ్బొచ్చి గుంట పోతే బ్యాంకు నోటీసు వచ్చేది నా పేరుకే. తొంభైల నడుమ తెల్లమచ్చ జబ్బుకి టైగర్ రొయ్య ఎట్టా పోయిందో ఆమె కళ్లారా చూసింది. అందుకే రెండు గుంటలకీ కాదు, ఒక్కదానికే అన్నాను. మొన్న సోమవారం పెట్టి వచ్చాను.

మా ఆయన మాత్రం మూడో గుంట లీజుకి తీసుకోవాలని పట్టు మీద ఉన్నాడు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసినప్పుడు ధర ఎట్టా జారిందో మర్చిపోయే మనిషి కాదు, కానీ పక్కోడు తీసుకుంటున్నాడంటే చెయ్యి ఆగదు. ఆదివారం రాత్రి అన్నం తిని మా పెద్దదాని పక్కన కూర్చున్నాడు. మూడో గుంటకి ఇంకో షీటు వేయించాడు. లీజు, పిల్ల, మేత, డీజిల్ అన్నీ తనే చెప్పాడు. కిలో 340 దగ్గర లాభం బాగానే కనిపించింది.

"ఆ మూడొందల నలభై తీసేసి మూడొందలు కొట్టమ్మా" అన్నాడు. లాభం సగానికి పైగా పోయింది.

"రెండొందల ఎనభై."

కింద గడి ఎర్రగా మారింది.

ఫోను దాని చేతిలోంచి తీసుకుని, కళ్లజోడు పెట్టుకుని, పై నుంచి కింది దాకా ఒక్కో వరసా చదువుకున్నాడు. "మేత 1.7 వేశావా, 1.3 వేశావా?" అని అడిగాడు. "1.3 నాన్నా" అంది. ఇంకేం మాట్లాడలేదు. టార్చి తీసుకుని ఏరేటర్లు చూసొస్తానని గుంట కాడికి పోయాడు. తిరిగొచ్చేసరికి పదకొండు. "లీజు ఈ పంటకి వద్దని రేపు చెప్తాలే" అని పడుకున్నాడు.