ఏరు కిందికి, ఇళ్లు పైకి

న్యూజెర్సీ రాష్ట్రానికి ఈశాన్య మూలన బెర్గెన్ కౌంటీలో హ్యాకెన్‌సాక్ అని ఒక నది ఉంది. పొడవు 72 కిలోమీటర్లకు మించదు. కృష్ణ ఒడ్డున పెరిగినవాళ్లు దీన్ని నది అనడానికి కాస్త తటపటాయిస్తారు. పాలిసేడ్స్ కొండకు ఆ పక్క హడ్సన్ నది, న్యూయార్క్ మహానగరం. ఈ పక్క హ్యాకెన్‌సాక్. హడ్సన్‌కు ఉన్న పేరులో వందో వంతు దీనికి లేదు. కానీ అమెరికాలో ఈ మూలకు వచ్చిన కొరియన్లు ఎక్కడ కాలు మోపారు, ఎక్కడ నిలదొక్కుకున్నారు, అక్కడి నుంచి ఎక్కడికి చేరారు అని తెలుసుకోవాలంటే ఈ నది వెంట, ఇందులో కలిసే రెండు వాగుల వెంట నడవాలి. ఈ దేశం వచ్చిన కొత్తలో నేను ఆ రెండో వాగు పక్కన, పాలిసేడ్స్ పార్క్ అనే ఊళ్లో, ఒక కొరియన్ ముసలి దంపతుల ఇంటి పైభాగంలో అద్దెకున్నాను. కాబట్టి అక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

మొదటి వాగు టెనకిల్. టెనఫ్లైలో పుడుతుంది. పక్కనే హడ్సన్, హ్యాకెన్‌సాక్ రెండూ దక్షిణానికి పోతుంటే ఇది మాత్రం ఉత్తరానికి తిరిగి క్రెస్‌కిల్, డెమరెస్ట్, క్లోస్టర్ ఊళ్ల మీదుగా ఒరడెల్ జలాశయంలోకి దిగుతుంది. ఇవన్నీ కలిగినవాళ్ల ఊళ్లు. పెద్ద పెద్ద ఓక్ చెట్లు, కత్తిరించిన పచ్చిక, లోపలెక్కడో ఇల్లు. ఆస్తి పన్ను బిల్లు చూస్తే గుండె గుభేలుమంటుంది. ఆ పన్నులో పెద్ద వాటా బడులకు పోతుంది. కొరియన్ కుటుంబాలు ఇక్కడికి వచ్చింది ఆ బడుల కోసమే.

ఈ ఊళ్లలో వారం ఎలా గడుస్తుందో చూస్తే వాళ్ల జీవితం అర్థమవుతుంది. సాయంత్రం బడి వదిలాక పిల్లలు నేరుగా ఇంటికి పోరు, హగ్వాన్‌కు పోతారు. గుంటూరు, విజయవాడ కోచింగ్ సెంటర్లు ఎరిగినవాళ్లకు హగ్వాన్ గురించి విడమరచి చెప్పనక్కర్లేదు. లెక్కలు, వ్యాసరచన, ఎస్.ఏ.టీ. పరీక్ష. చీకటి పడ్డాక దుకాణాల పైఅంతస్తుల్లో వెలుగుతూ కనిపించే కిటికీలు చాలావరకు వీటివే. శనివారం కొరియన్ భాష నేర్పే బడి. ఆదివారం చర్చి. చాలా సంఘాలు మొదట్లో పాత అమెరికన్ చర్చి భవనాల్లోనే, వాళ్ల ప్రార్థన ముగిశాక, మధ్యాహ్నం వేళకు అద్దెకు చేరాయి. ప్రార్థన అయ్యాక కింద వంటగదిలో అందరికీ అన్నం, చారు, కిమ్చి. ఉద్యోగం, అద్దె ఇల్లు, పెళ్లి సంబంధం, వీసా లాయరు, అన్నీ ఆ భోజనాల బల్ల దగ్గరే కుదురుతాయి. టెనఫ్లై గ్రోవ్ స్ట్రీట్‌లో కొరియన్ కమ్యూనిటీ సెంటర్ ఉంది. అక్కడ పెద్దవాళ్లు ఇంగ్లీషు నేర్చుకుంటారు, పిల్లలు సంప్రదాయ డప్పు నేర్చుకుంటారు.

ఈ పిల్లలు చదువుకే పరిమితం కాలేదు. హన్‌బోక్ అంటే కొరియన్ల సంప్రదాయ దుస్తులు. దాని పుట్టుక గురించి చైనాలో వివాదం లేచినప్పుడు ఇక్కడి బడిపిల్లలు కొందరు ఊరి మేయరును కలిసి ఒక రోజు కేటాయించమని అడిగారు. 2021లో టెనఫ్లై అక్టోబర్ 21ని కొరియన్ హన్‌బోక్ దినంగా ప్రకటించింది. అమెరికాలో ఒక ఊరు అలా ప్రకటించడం అదే మొదలు. మరుసటి ఏడాది జనవరిలో ఆసియా అమెరికన్ల చరిత్రను బడుల్లో చెప్పి తీరాలని న్యూజెర్సీ చట్టం చేసింది. పరీక్షల ఒత్తిడిలో నలిగే పిల్లలే సంతకాలు సేకరించి, సభల్లో నిలబడి మాట్లాడటం నేర్చుకున్నారు.

పక్కనే కొండ మీద ఎంగిల్‌వుడ్ క్లిఫ్స్. ఎల్‌జీ సంస్థ అమెరికా కార్యాలయం అక్కడే. 143 అడుగుల భవనం కడతామని వాళ్లు పూనుకుంటే, పాలిసేడ్స్ కొండ మీద చెట్ల వరుసను దాటి ఏదీ లేవకూడదని పర్యావరణవాదులు కోర్టుకెక్కారు. కొరియన్లలో చాలామంది ఉద్యోగాలొస్తాయని కంపెనీ వైపు నిలిచారు. 2015లో రాజీ కుదిరి ఎత్తు సుమారు 70 అడుగులకు తగ్గింది. కొండ గీత చెడలేదు, ఉద్యోగాలూ పోలేదు. తగాదా పడి కూడా ఊరికి మేలు చేసుకోవచ్చని అప్పుడు రుజువైంది.

ఇక నది వెంట త్వరగా పోదాం. క్లోస్టర్ దాటాక టెనకిల్ ఒరడెల్ జలాశయంలో కలుస్తుంది. ఇక్కడ ఆనకట్ట 1923లో పూర్తయింది. బెర్గెన్, హడ్సన్ కౌంటీల్లో లక్షల కొళాయిల్లోకి వచ్చేవి ఈ నీళ్లే. ఆనకట్ట కింద న్యూ మిల్‌ఫర్డ్ వాసులకు మాత్రం ఇది పీడకల. 2007లోనూ, 2011లో ఐరీన్ తుపానుకూ ఇళ్లు మునిగాయి. జలాశయాన్ని నిండుగా ఉంచి మమ్మల్ని ముంచారని వాళ్లు, వరద ఆపడానికి కట్టింది కాదని నీళ్లు సరఫరా చేసే కంపెనీ. ఆ వాదన నేటికీ తెగలేదు. ఇంకాస్త దిగువన రివర్ ఎడ్జ్ దగ్గర న్యూ బ్రిడ్జ్. 1776 నవంబరులో ఫోర్ట్ లీ కోట బ్రిటిష్ వాళ్లకు చేజారగా వాషింగ్టన్ సైన్యం నది దాటి వెనక్కి తగ్గింది ఇక్కడే.

హ్యాకెన్‌సాక్ పట్టణంలో కౌంటీ కోర్టు ముందు వరుసగా స్మారకాలున్నాయి. యూదుల మారణహోమానికి, ఆర్మీనియన్ల ఊచకోతకు, ఐరిష్ కరువుకు, నల్లవాళ్ల బానిసత్వానికి. 2013లో ఆ వరుసలో మరొకటి చేరింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో జపాన్ సైన్యం లైంగిక బానిసలుగా చెరపట్టిన కొరియా తదితర దేశాల ఆడపిల్లల స్మారకం అది. దాని మొదలు చూడాలంటే ఇక్కడి నుంచి కిందికి దిగి, రిడ్జ్‌ఫీల్డ్ పార్క్ దగ్గర నదిలో కలిసే రెండో వాగు ఓవర్‌పెక్ వెంట ఎదురు నడవాలి.

ఓవర్‌పెక్ తూర్పు గట్టు మీద పాలిసేడ్స్ పార్క్. జనాభా ఇరవై వేలు. 2010 లెక్కలకే అందులో కొరియన్లు సగం దాటారు. అమెరికాలో ఇలాంటి ఊరు మరొకటి దొరకడం కష్టం. 1965 చట్టంతో వలసల తలుపు తెరుచుకున్నాక న్యూయార్క్‌లో కూరగాయల కొట్లు పెట్టి, అర్ధరాత్రి హంట్స్ పాయింట్ టోకు బజారులో పెట్టెలు మోసిన తరం జార్జ్ వాషింగ్టన్ వంతెన దాటి ఇటు వచ్చింది. ఇటాలియన్, జర్మన్ కుటుంబాలు ఖాళీ చేసిన దుకాణాలతో వెలవెలబోతున్న బ్రాడ్ అవెన్యూ 1990లకల్లా కొరియన్ అక్షరాల బోర్డులతో నిండిపోయింది. బోర్డుల మీద ఇంగ్లీషు ఎంతుండాలి, హోటళ్లు రాత్రి ఎప్పుడు మూయాలి అని ఊరి సభలో పెద్ద రభసలే జరిగాయి.

మా ఇంటి యజమానిని నేను హరాబొజి అనేవాణ్ని, అంటే తాతగారూ అని. ఆయన భార్య హల్మోని. వాళ్లకు వేరే ఊళ్లో డ్రై క్లీనింగ్ దుకాణం ఉండేది. ఆయన తెల్లవారకముందే వ్యాను తీసుకుని పోయేవాడు. కుడి ముంజేతి మీద ఇస్త్రీ యంత్రం కాల్చిన గీతలు ఒకదాని కింద ఒకటి, కొన్ని తెల్లబడి, కొన్ని ఇంకా ఎర్రగా. సాయంత్రం మెట్ల దగ్గర ఎదురైతే చొక్కా నుంచి ఒక తియ్యని ఘాటు వాసన కొట్టేది. అది పెర్క్ అనే ద్రావణిది. అమెరికా డ్రై క్లీనింగ్ దుకాణాల్లో పెద్ద వాటా కొరియన్లదే. పెర్క్ నేలలోకి ఇంకితే భూగర్భ జలాన్ని పట్టి దశాబ్దాలు వదలదు. కాన్సర్ తెస్తుందని తెలిసి కూడా 2024 డిసెంబరు దాకా కేంద్ర ప్రభుత్వం పూర్తి నిషేధం తేలేదు. అప్పుడు కూడా పదేళ్ల గడువిచ్చింది. ఇన్నేళ్లూ ఆ వాసన పీల్చింది ఎవరు? పన్నెండు గంటలు నిలబడి, ఇంగ్లీషులో రాసిన హెచ్చరికలు చదవలేక, చదివినా మానలేక, పిల్లల ఫీజులు కట్టిన ఈ ముసలివాళ్లు.

హల్మోని ఆ దుకాణంలోనే బట్టలకు మరమ్మతులు చేసేది. ఇంటి వెనక ఇరవై అడుగుల జాగాలో కెన్నిప్ ఆకు, మిరప పెంచేది. ఆగస్టులో పండు మిరపకాయలు గ్యారేజీ పక్కన కాగితాల మీద ఆరబోసి, వాన మబ్బు కమ్మితే పరుగున తీసేది. నా గదిలో పొయ్యి వెలగలేదనిపిస్తే ఒక గిన్నెతో పైకి వచ్చి, తలుపు కొట్టి, చేతిలో పెట్టి వెళ్లిపోయేది.

వాళ్లబ్బాయి టెనఫ్లైలో ఇల్లు కొన్నాడు. తల్లిదండ్రులను రమ్మని చాలాసార్లు అడిగాడు. వెళ్లరేం అని నేనోసారి అడిగితే హరాబొజి, “అక్కడ కారు లేకపోతే కాళ్లు లేనట్టే. ఇక్కడ ఆమె నడిచి బ్యాంకుకు పోతుంది, మందుల షాపుకు పోతుంది, పోట్లాడాలంటే చేపల కొట్టువాడితో పోట్లాడుతుంది. అన్నీ మా భాషలో” అన్నాడు.

నేను ఈ నదిని చూసే చూపు అక్కడే మారింది. నీళ్లు పైనుంచి కిందికి వస్తాయి. కుటుంబాలు కిందనుంచి పైకి పోతాయి. పాలిసేడ్స్ పార్క్‌లో అద్దె ఇల్లు, లియోనియాలో చిన్న సొంత ఇల్లు, టెనఫ్లైలోనో క్లోస్టర్‌లోనో పెద్ద ఇల్లు. టెనఫ్లై ఐశ్వర్యాన్ని ఒక్కదాన్నే చూసి “వాళ్లకేం, సంపన్నులు” అనేవాళ్లు ఈ దిగువ గట్టును చూడలేదన్నమాట. ఈ గట్టు మీద ఇంకొకరూ ఉన్నారు. పొద్దున్నే బ్రాడ్ అవెన్యూ పక్కన కూలి పని కోసం గ్వాటెమాలా వాళ్లు నిలబడి ఉంటారు. కొరియన్ మేస్త్రీల దగ్గర గోడలు కట్టేది, కొరియన్ హోటళ్ల వంటింట్లో గిన్నెలు తోమేది చాలావరకు వాళ్లే. వాళ్ల కూలి ఎగ్గొట్టినప్పుడు, నేలమాళిగలో ఆరుగురిని కుక్కి అద్దె పిండినప్పుడు, ఒకనాడు తాము పడ్డ పాట్లు ఈ ఊరివాళ్లకు గుర్తుకు రావాలి.

బ్రాడ్ అవెన్యూ దగ్గర్లో ఊరి గ్రంథాలయం ఉంది. దాని పక్కన 2010 అక్టోబరులో ఒక రాయి నిలిపారు. మనిషి ఎత్తు కూడా ఉండదు. రాతికి బిగించిన లోహపు పలక మీద నాలుగు ముక్కల్లో ఆ చెరపడ్డ ఆడపిల్లల సంగతి రాసి ఉంది. అమెరికా గడ్డ మీద వాళ్ల స్మారకం ఇదే మొదటిది. దీని వెనక ఒక చరిత్ర ఉంది. 1992లో లాస్ ఏంజెలస్ అల్లర్లలో కొరియన్ల దుకాణాలు తగలబడుతుంటే కాపాడే నాథుడు లేకపోయాడు. ఓటు లేనివాడి మొర ఎవరూ వినరని ఆనాడు వాళ్లకు తెలిసొచ్చింది. ఈ ప్రాంతంలో 1996లో ఓటర్ల నమోదు కోసమే ఒక సంఘం పుట్టింది. ఇంటింటికీ తిరిగి ఓటర్లను చేర్పించింది. ఆ సంఘమే 2007లో అమెరికా ప్రతినిధుల సభ ఈ స్త్రీల పక్షాన తీర్మానం చేసేలా కృషి చేసింది, తర్వాత ఈ రాయి కోసం ఊరి కౌన్సిల్‌ను ఒప్పించింది.

2012 మేలో జపాన్ దౌత్యాధికారులు, ఆ దేశ ఎంపీలు ఈ చిన్న ఊరికి వచ్చారు. రాయి తీసేయమని అడిగారు. చెర్రీ మొక్కలు, గ్రంథాలయానికి పుస్తకాలు ఇస్తామని మాట కలిపారు. అప్పటి మేయర్ జేమ్స్ రొటుండో కొరియన్ కాదు. అయినా కుదరదు పొమ్మన్నాడు. 2018లో ఫోర్ట్ లీలో మరో స్మారకం వచ్చింది. దానికి పూనుకున్నది హైస్కూలు పిల్లలు. అదే ఏడాది పాలిసేడ్స్ పార్క్‌కు తొలి కొరియన్ అమెరికన్ మేయరుగా క్రిస్టఫర్ చంగ్ గెలిచాడు. 2024లో న్యూజెర్సీ నుంచి ఆండీ కిమ్ సెనేట్‌కు ఎన్నికయ్యాడు. అమెరికా చరిత్రలో ఆ సభలోకి వెళ్లిన తొలి కొరియన్ అమెరికన్ అతనే.

మనుషుల కథ ఇంత బాగుంటే నీళ్ల కథ మాత్రం సిగ్గుచేటు. ఓవర్‌పెక్ వెంట ఉన్న చిత్తడి నేలలను చుట్టుపక్కల ఊళ్లు 1950లలో పార్కు కట్టమని కౌంటీకి అప్పగించాయి. కౌంటీ అక్కడ చెత్త పోసింది. ఏళ్ల తరబడి పోసింది. పార్కు పేరుతో తీసుకున్న నేల గుట్టలుగా కుళ్లింది, వాగులోకి విషం ఊరింది. ఊళ్లు దావా వేసి, కొట్లాడి, చెత్త మీద మట్టి కప్పించి పార్కు సాధించుకోవడానికి అరవై ఏళ్లు పట్టింది. లియోనియా వైపు భాగం 2010లో తెరుచుకుంది. ఇప్పుడు సాయంత్రాలు అక్కడ హల్మోనిలు ఎండ తగలకుండా పెద్ద టోపీలు పెట్టుకుని చేతులూపుతూ నడుస్తారు, పక్కనే గ్వాటెమాలా కుర్రాళ్లు బంతి ఆడతారు, టెనఫ్లై నుంచి మనవలు సైకిళ్లతో వస్తారు. ఎగువా దిగువా కలిసే చోటు ఈ లోయలో ఇదొక్కటే. అది కూడా చెత్తకుప్ప మీదే దొరికింది.

ఇక్కడి నుంచి నది మెడోలాండ్స్ చిత్తడిలోకి పోతుంది. అక్కడి బెర్రీస్ క్రీక్ అనే వాగులో పాత కర్మాగారం వదిలిన పాదరసం ఉంది. 2022లో హ్యాకెన్‌సాక్ దిగువ భాగాన్ని దేశంలోకెల్లా కలుషితమైన స్థలాల జాబితాలో, సూపర్‌ఫండ్‌లో చేర్చారు. నది కలిసే న్యూవార్క్ అఖాతంలో నీలి పీతలు పట్టడం, తినడం నిషేధం. సోయా సాస్‌లో ఊరేసిన పీత అంటే కొరియన్లకు ప్రాణం. ఆ పీత ఈ ఊళ్లకు దూర సముద్రాల నుంచి పెట్టెల్లో రావాల్సిందే. నేను ఆ అఖాతం దాకా పోలేదు. పోవాలనీ అనిపించలేదు. చూడాల్సింది ఓవర్‌పెక్ గట్టు మీదే చూశాను.

ఈ న్యూజెర్సీలోనే ఎడిసన్ చుట్టూ మన తెలుగువాళ్లు వేలల్లో ఉన్నాం. గుళ్లు కట్టుకున్నాం, సంఘాలు పెట్టుకున్నాం, సభలకు సినిమా తారలను రప్పించుకున్నాం. మన పక్కనే పారే రారిటన్ నదిలో ఏం కలుస్తోందో, మన ఊరి కౌన్సిల్‌లో ఎవరున్నారో మనలో ఎందరికి తెలుసు? ఇల్లు కొన్నంత మాత్రాన ఊరు మనదైపోదు. ఆ ఊరి నీళ్ల గురించి, అక్కడి బలహీనుల గురించి, అక్కడ నిలబెట్టాల్సిన నిజాల గురించి నోరు విప్పినప్పుడే అవుతుంది. కొరియన్లు ఆ పని ఒక చిన్న ఊరి గ్రంథాలయం పక్కన మొదలుపెట్టారు. మీ ఊళ్లో కూడా కౌన్సిల్ సమావేశం ఏదో ఒక సాయంత్రం జరుగుతూనే ఉంటుంది. అక్కడికి ఎవరైనా పోవచ్చు. ఈసారి వెళ్లి కూర్చోండి. మీ వంతు వచ్చినప్పుడు లేచి మాట్లాడండి.