ఈసర్‌లో మోకాళ్ల లోతు

మాది కృష్ణలంక. నాలుగడుగులేస్తే కృష్ణమ్మ. అయినా నాకు ఈత రాదు. 2004 పుష్కరాల్లో నాన్న మూడు మునకలు వేయించాడు గానీ, నా చెయ్యి మాత్రం వదల్లేదు.

ఇప్పుడు మ్యూనిక్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మొన్న ఆదివారం రూమ్మేట్స్‌తో కలిసి, పులిహోర డబ్బా పట్టుకుని యూ3 మెట్రో ఎక్కా. థాల్‌కిర్షెన్‌లో దిగి కాస్త నడిస్తే ఈసర్ నది, ఫ్లౌహర్ బీచ్. మన దగ్గరలా ఇసుక తిన్నెలు కావు, అన్నీ తెల్లటి గులకరాళ్లే. ఆల్ప్స్ నుంచి వచ్చే నీళ్లు కదా, ఎండాకాలంలోనూ కాలు పెడితే జివ్వుమంది.

ఒకప్పుడు ఈ నదినీ గట్ల మధ్య బిగించేశారట. 2000 నుంచి 2011 దాకా 8 కిలోమీటర్ల మేర నదిని మళ్లీ వెడల్పు చేశారు. వరదకి చోటు దొరికింది, జనానికి బీచ్ దొరికింది. మా దగ్గర రిటైనింగ్ వాల్ కట్టారు. తప్పనను. 2024 సెప్టెంబర్‌లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులు దాటి వదిలినప్పుడు మా వీధిని కాచింది ఆ గోడే. కానీ మాకు నదంటే భక్తి, భయం. ఆట ఎప్పుడూ కాలేదు.

మోకాళ్ల లోతులో నిలబడి నాన్నకి వీడియో కాల్ చేశా. నది చూసి మురిసిపోతాడనుకున్నా.

"ముందు ఒడ్డుకి రారా. చెయ్యి పట్టుకోడానికి పక్కన ఎవరన్నా ఉన్నారా?" అన్నాడు.

వచ్చేశా. ఆ రాత్రే ఈత క్లాసులకి పేరిచ్చా. నాన్నకింకా చెప్పలేదు.