హిజ్లీ కబుర్లు: ఒకే దసరా, ఊరికో ఊసు

ఖరగ్‌పూర్‌లోని మా హిజ్లీలో దసరా సందడి రేడియోతో మొదలవుతుంది. 2025లో మహాలయ సెప్టెంబరు 21న వచ్చింది. ఇంకా చీకటి విడకముందే బీరేంద్రకృష్ణ భద్ర చండీపారాయణం ఇంటింటా మోగింది. తెల్లారేసరికి బెంగాలీ ఫేస్‌బుక్ నిండా ఆయన గొంతే! రెండు రోజులు తిరక్కుండా కోల్‌కతా మునిగింది. ఒక్క రోజులో 250 మిల్లీమీటర్ల వాన. పందిళ్ళ ఊసు పోయి, వీధుల్లో నిలిచిన నీళ్ళలో కరెంటు షాక్ కొట్టి పోయినవాళ్ళ గురించే అందరూ రాసుకున్నారు. అదే పూట ట్విట్టర్ ట్రెండింగులో ఊరు హైదరాబాద్‌కి మార్చి చూస్తే పవన్ కల్యాణ్ ‘ఓజీ’ హడావుడి. సినిమా 25న విడుదల మరి. అభిమానం ఉండాల్సిందే. కానీ పొరుగూరి కష్టం గురించి మన భాషలోనూ నాలుగు ముక్కలు కనిపిస్తే బాగుండునని మనసు పీకింది.

29వ తేదీ మాత్రం మహా ముచ్చటైన రోజు. ఇక్కడ సప్తమి. పొద్దున్నే చిన్న అరటిచెట్టుకి చెరువులో స్నానం చేయించి, ఎర్ర అంచు తెల్లచీర కట్టి, ముసుగు వేసి వినాయకుడి పక్కన నిలబెడతారు. కొలాబౌ అంటారు. మా బెంగాలీ వాట్సాప్ గ్రూపుల్లో ఆవిడ ఫోటోలే. తెలంగాణ చుట్టాలు పంపినవి సరూర్‌నగర్ స్టేడియంలో గిన్నిస్ రికార్డుకెక్కిన 63 అడుగుల బతుకమ్మవి. విజయవాడ నుంచి వచ్చినవి మూలా నక్షత్రం నాటి ఇంద్రకీలాద్రి క్యూలైన్లవి. ఆ రోజు అమ్మవారికి సరస్వతీ అలంకారం కదా!

మా రైల్వే క్వార్టర్ల తెలుగువాళ్ళకి అసలు పండగ అక్టోబరు 7న, విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవం. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే (బీఎన్నార్) రోజుల్లో ఖరగ్‌పూర్ వర్క్‌షాపు పనికి వచ్చిన కుటుంబాల్లో చాలామందిది శ్రీకాకుళం, విజయనగరం వైపే. పొడవాటి చింతమాను కొసన పూజారి కూర్చుని, గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంటే, ఇక్కడి మామ్మలు ఫోనులో లైవ్ చూస్తూ చేతులు జోడించారు. పిల్లలకి తెలుగు మాట వచ్చు, చదవడం రాదు. అందుకని మామ్మలు వాయిస్ మెసేజిలు పెడతారు: “ఒరే నాన్నా, అమ్మోరిని చూసేవా?” నన్నడిగితే ఈ సీజన్లో అన్ని ట్రెండింగుల కన్నా ఆ మెసేజిలే మిన్న.

ఇంతకీ మన ఊరేదీ ఆ ట్రెండింగ్ జాబితాల్లో? రావణ్ మైదానంలో రావణదహనానికి తెలుగు, బెంగాలీ, ఒడియా, హిందీ అన్నీ ఒకేచోట వినిపిస్తాయి. కోల్‌కతా ట్రెండింగులో అది లేదు, హైదరాబాద్‌లో అసలే లేదు.

ఇక దీపావళి, 2025లో అక్టోబరు 20న వచ్చింది. ఇక్కడి ఐఐటీ హాస్టళ్ళలో కుర్రాళ్ళు పెద్ద పెద్ద వెదురు తడకలకి ప్రమిదలు కట్టి, లైట్లార్పి, దీపాలతోనే పురాణ కథలకు బొమ్మకడతారు. నేల మీద రంగవల్లులు సరేసరి. చూడ్డానికి వెళ్ళేవాళ్ళు ఫోటోలు పెట్టేటప్పుడు కింద ‘హిజ్లీ, ఖరగ్‌పూర్’ అని రాయండి. తెలుగులో కూడా.