వంగిన కొమ్మ

పండుగ అందరి ఇళ్లకూ వస్తుంది. పండుగ సంతోషం మాత్రం అందరి మనసులకూ రాదు. వీధిలో దీపాలు వెలుగుతున్నా, వంటింట్లో పిండివంటలు ఘుమఘుమలాడుతున్నా, ఒక మూల కూర్చుని ‘అందరూ ఆనందంగా ఉండగా నాకెందుకీ దిగులు?’ అని తనలో తాను కుమిలిపోయేవారు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. పండుగపూట ఏడ్చేవారిని లోకం మెచ్చదు కనుక ఆ దిగులును పైకి చెప్పుకోవడానికి సైతం వారు సంకోచిస్తారు. అటువంటి దిగులును ఒక బాలుని నోట పలికించి, అమెరికా ప్రజల హృదయాలలో ఆరు దశాబ్దాలుగా చెక్కుచెదరక నిలిచిన టెలివిజన్ చిత్రం ‘ఎ చార్లీ బ్రౌన్ క్రిస్మస్’.

అరగంట కార్యక్రమంగా రూపొందిన ఈ బొమ్మల చిత్రం 1965 డిసెంబరు 9న సీబీఎస్ టెలివిజన్‌లో తొలిసారి ప్రసారమైంది. చార్లెస్ షుల్జ్ 1950 నుండి పత్రికలలో గీస్తూ వచ్చిన ‘పీనట్స్’ బొమ్మల కథలలోని పిల్లలే ఇందులోని పాత్రలు. చిత్రానికి నిర్మాత లీ మెండెల్సన్. దర్శకుడు బిల్ మెలెండెజ్.

కథ చాలా చిన్నది. క్రిస్మస్ దగ్గర పడింది. పిల్లలందరూ మంచుమీద జారుతూ ఆడుకుంటున్నారు. చార్లీ బ్రౌన్ మాత్రం తన మనసు బాగాలేదని మిత్రుడు లైనస్‌తో చెప్పుకుంటాడు. అతని తపాలా పెట్టెలో ఒక్క శుభాకాంక్షల పత్రమూ లేదు. ఐదు సెంట్లు పుచ్చుకుని మనోవ్యాధులకు సలహాలిచ్చే లూసీ, ఏదో ఒక పనిలో పడితే దిగులు పోతుందని, పిల్లల నాటకానికి దర్శకత్వం వహించమంటుంది. అక్కడ అతని మాట వినేవారెవరూ లేరు. ఒకరికి నాట్యం కావాలి, ఒకరికి బహుమతులు కావాలి. అతని పెంపుడు కుక్క స్నూపీ సైతం అలంకరణ పోటీలో డబ్బు గెలుచుకోవాలని తన గూటికి దీపాలు కట్టుకుంటుంది.

నాటకానికి ఒక చెట్టు కావాలి. తళతళలాడే పెద్ద అల్యూమినియం చెట్టు తెమ్మంటుంది లూసీ. ఆ కాలంలో అమెరికాలో అటువంటి లోహపు చెట్లు విరివిగా అమ్ముడుపోయేవి. చార్లీ బ్రౌన్ మాత్రం వాటి నడుమ దిక్కులేనిదానిలా నిలిచిన ఒక బక్కచెట్టును ఎన్నుకుంటాడు. దానిని చూచి పిల్లలందరూ పకపక నవ్వుతారు. అవమానభారంతో అతడు, అసలు క్రిస్మస్ అంటే ఏమిటో తెలిసినవారు ఎవరైనా ఉన్నారా అని ఎలుగెత్తి అడుగుతాడు. అప్పుడు లైనస్ రంగస్థలం మధ్యకు నడిచి, లూకా సువార్తలో గొర్రెల కాపరులకు దేవదూత శుభవార్త చెప్పిన ఘట్టాన్ని నెమ్మదిగా వినిపిస్తాడు. లైనస్ ఎన్నడూ తన దుప్పటిని విడువని పిల్లవాడు. భయపడవద్దని దేవదూత పలికిన మాట దగ్గర ఆ దుప్పటి అతని చేతినుండి జారిపోతుంది. చూపరులు దానిని గమనించాలని చిత్రం ఎక్కడా పట్టుబట్టదు. గమనించినవారి గుండె మాత్రం చెమ్మగిల్లుతుంది.

ప్రసారానికి ముందు ఈ చిత్రాన్ని చూచిన సంస్థ అధికారులు పెదవి విరిచారు. కథ మందకొడిగా ఉందన్నారు. హాస్యచిత్రాలలో ముందే రికార్డు చేసిన నవ్వులు కలపడం ఆనాటి ఆనవాయితీ. షుల్జ్ అందుకు అంగీకరించలేదు. పాత్రలకు పిల్లలచేతనే మాటలు చెప్పించారు. చదువు ఇంకా రాని పసివారికి వాక్యాలను ముక్కలుగా చెప్పి పలికించారు. పిల్లల కథకు విన్స్ గ్వరాల్డి జాజ్ సంగీతం కూర్చాడు. వాణిజ్య ప్రసారంలో సువార్త వాక్యాలు చదివించడానికి సహచరులు జంకినా షుల్జ్ వెనుకంజ వేయలేదు. బేరసారాల పండుగను ప్రశ్నించిన ఈ చిత్రానికి ధనమిచ్చినది కోకా-కోలా సంస్థ కావడం విశేషం. అధికారుల అనుమానాలకు భిన్నంగా ఆ రాత్రి సుమారు కోటిన్నర ఇళ్లలో దీనిని చూశారు. మరుసటి సంవత్సరం ఎమ్మీ పురస్కారం లభించింది. ఆ తరువాతి కొద్ది సంవత్సరాలలోనే అల్యూమినియం చెట్ల గిరాకీ తగ్గిపోయింది.

ఈ చిత్రంలోని దిగులు కల్పించి తెచ్చిపెట్టినది కాదు. షుల్జ్ ఒక మంగలి కుమారుడు. చార్లీ బ్రౌన్ తండ్రిని కూడా మంగలిగానే చిత్రించాడు. 1943లో అతడు సైన్యంలో చేరిన కొద్ది రోజులకే తల్లి క్యాన్సర్‌తో కన్నుమూసింది. ఆ ఒంటరితనం అతనిని జీవితాంతం వెంటాడింది. ఒకని సొంత దుఃఖం కళగా మారినప్పుడు అది అందరి అనుభవమూ అవుతుంది. భట్టనాయకుడు దీనినే ‘సాధారణీకరణం’ అన్నాడు. మంచు ఎరుగని ఊరివాడు, క్రిస్మస్ తన పండుగ కానివాడు సైతం ఖాళీ తపాలా పెట్టె ముందు నిలిచిన ఆ బాలునిలో తనను తాను చూచుకోవడం ఇందువల్లనే.

అయితే చూపరులను అన్నిటికంటె మిక్కిలి కదిలించేది చివరి ఘట్టం. చార్లీ బ్రౌన్ ఆ బక్కచెట్టును తీసుకుని ఒంటరిగా వెళ్లిపోతాడు. పోటీలో గెలిచిన స్నూపీ గూటినుండి ఒక ఎర్రని అలంకార గోళాన్ని తీసి కొమ్మకు తగిలిస్తాడు. ఆ ఒక్క బరువుకే చెట్టు నేలదాకా వంగిపోతుంది. తానే దానిని చంపివేశానని కుమిలిపోతూ అతడు తొలగిపోతాడు. ఇంతలో అతనిని చూచి నవ్విన పిల్లలే అక్కడికి వస్తారు. లైనస్ తన దుప్పటిని చెట్టు మొదలుకు చుట్టి ఆసరా ఇస్తాడు. స్నూపీ గూటి అలంకారాలన్నీ ఆ చెట్టు మీదికి చేరుతాయి. చార్లీ బ్రౌన్ తిరిగి వచ్చేసరికి చెట్టు నిటారుగా నిలిచి వెలుగుతుంటుంది. ఎవరూ క్షమాపణ చెప్పరు. అందరూ అతని పేరు పెట్టి పండుగ శుభాకాంక్షలు చెప్పి పాట అందుకుంటారు.

ఒక్క గోళాన్ని మోయలేక వంగిన చెట్టే ఇప్పుడు ఇన్ని అలంకారాలను మోస్తున్నది. ఒంటరిగా ఉన్నప్పుడు చిన్న బరువుకే మనిషి కుంగిపోతాడు. నలుగురు చేయి వేసినప్పుడు అంతకు పదింతల బరువునూ మోయగలుగుతాడు. దిగులు పడవద్దని చార్లీ బ్రౌన్‌ను ఎవరూ మందలించలేదు, అతని దిగులు తప్పని నిరూపించలేదు. అతని చెట్టుకు ఆసరా ఇచ్చారు, అంతే.

ఈ చిత్రం సీబీఎస్‌లో 2000 వరకు, ఏబీసీలో 2001 నుండి 2019 వరకు ప్రసారమై, 2020లో ఆపిల్ సంస్థ ప్రసార వేదికకు చేరింది. షుల్జ్ 2000 ఫిబ్రవరి 12న కన్నుమూశాడు. ఆ మరునాడే అతని చివరి ఆదివారపు బొమ్మల కథ పత్రికలలో వెలువడింది. సృష్టికర్త వెళ్లిపోయినా ఆ బక్కచెట్టు వాడిపోలేదు. నవ్వులపాలైన మిత్రుని వెదుక్కుంటూ వెళ్లి అతని పక్కన నిలిచే చేతులు లోకంలో ఇంకా ఉన్నాయని అది ప్రతి డిసెంబరులోనూ గుర్తుచేస్తూనే ఉంది.